ఉల్లిగడ్డకూ ఎల్లిగడ్డకూ ఒక్క అక్షరమే తేడా: దత్తాంశ అనుసంధాన బోధనపై ఒక అభిప్రాయం

మూసీకి దక్షిణాన, హైదరాబాదు పాతనగరాన్ని ఆనుకొని ఉన్న మలక్‌పేటలో ఉల్లిగడ్డకూ ఎండుమిర్చికీ పేరుపొందిన వ్యవసాయ మార్కెట్ ఉన్నది. మహారాష్ట్ర నుండి, కర్నూలు ప్రాంతం నుండి, తెలంగాణ జిల్లాల నుండి ఉల్లి లారీలు అక్కడికి చేరుతాయి. సరుకు తెచ్చిన రైతు దానిని మలక్‌పేట గంజ్ అంటాడు. పత్రికలవారు మలక్‌పేట మార్కెట్ అని రాస్తారు. మార్కెటింగ్ శాఖ దస్త్రాలలో అది హైదరాబాదు వ్యవసాయ మార్కెట్ కమిటీకి చెందిన యార్డు. దేశవ్యాప్త టోకు ధరలను ప్రకటించే ఆగ్‌మార్క్‌నెట్ జాబితాలో మాత్రం ఊరి పేరుకు బదులు మహబూబ్ మాన్షన్ అనే పేరు కనిపిస్తుంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద వెలసిన భవంతి పేరు అది. ఆ పేరు కూడా ఆంగ్ల అక్షరాలలో 'మాన్షన్'గా కాక 'మానిసన్' అని చదువుకోవలసిన వర్ణక్రమంతో నమోదై ఉన్నది. మలక్‌పేట అని వెతికే విద్యార్థి ఆ వరుసను చూడకుండానే దాటిపోవచ్చు. చూసినవాడు కూడా అది వేరొక మార్కెట్ అని భావించి, లేని రెండవ మార్కెట్‌ను తన పట్టికలో సృష్టించవచ్చు.

ఒక్క మార్కెట్ పేరు విషయంలోనే ఇన్ని చిక్కులు ఉండగా, ధరలు, వర్షపాతం, సాగు విస్తీర్ణం, భూమి రికార్డులు, రైతుల వివరాలు అన్నింటినీ ఒకచోట కలిపి సలహా ఇవ్వాలన్న ఆకాంక్ష విస్తరణ రంగంలో బలంగా వినిపిస్తున్నది. ఆకాంక్ష మంచిదే. కాని ఆ కలిపే పనిని నేర్పే పాఠ్యసామగ్రి ఎక్కడ నుండి రావాలి అన్న ప్రశ్న తగినంతగా చర్చకు రాలేదు. డేటాబేస్ యంత్రాన్ని నడపడం నేర్పే వనరులకు కొదవ లేదు. వ్యవసాయ దత్తాంశం ఏమి చెబుతున్నదో, ఏమి చెప్పడం లేదో గుర్తించి, ఆ తరువాతనే కలపడం నేర్పే వనరులు వ్యవసాయ విశ్వవిద్యాలయాల నుండి, ఇక్కడి దత్తాంశంతో, తెలుగులో రావాలి. ఆ పనిని బయటి సంస్థలేవీ చేసిపెట్టవు.

తెలుగునాట డేటాబేస్ విద్య అనగానే అమీర్‌పేట గుర్తుకు వస్తుంది. ఆ వీధులలోని శిక్షణ కేంద్రాలలో ఒరాకిల్ నేర్చుకున్నవారు వేలాదిమంది. ఆ పాఠాలలో తరచుగా ఎదురయ్యేది ఉద్యోగుల పట్టిక, విభాగాల పట్టిక. పద్నాలుగురు ఉద్యోగులు, నాలుగు విభాగాలు. స్మిత్, అలెన్, వార్డ్ వంటి పేర్లు. ఆ పద్నాలుగురి జీతాలు కంఠస్థమైన పట్టభద్రులు తెలుగు జిల్లాలలో ఎందరో! ఆ పట్టికలను తక్కువ చేయవలసిన పని లేదు. 1970లో ఇ.ఎఫ్. కాడ్ ప్రతిపాదించిన సంబంధాత్మక నమూనాను అర్థం చేసుకోవడానికి అవి చక్కని సాధనాలు. అయితే వాటిలో ప్రతి ఉద్యోగికీ ఒకే సంఖ్య ఉంటుంది, ప్రతి విభాగానికీ ఒకే పేరు ఉంటుంది, ఏ గడిలోనూ అనుమానం ఉండదు. రెండు పట్టికలను కలపమంటే అవి అడిగినట్టే కలుస్తాయి. ఆ శిక్షణ ముగించి మార్కెట్ ధరల పట్టికను చేతిలోకి తీసుకున్నవాడికి మొదటి గంటలోనే కాళ్ల కింద నేల కదులుతుంది.

ఐదవ డీన్ల కమిటీ రూపొందించిన బి.ఎస్సి. వ్యవసాయ పాఠ్యప్రణాళికలో వ్యవసాయ ఇన్ఫర్మేటిక్స్‌కు రెండు క్రెడిట్లు కేటాయించారు. ఒకటి సిద్ధాంతానికి, ఒకటి ప్రయోగానికి. అందులో డేటాబేస్ భావన ఉన్నది, డేటాబేస్ తయారుచేయడం కూడా ఉన్నది. ఆ కొద్ది గంటలలోనే ఇతర అంశాలూ చెప్పాలి కాబట్టి లోతును ఆశించడం అధ్యాపకులకు అన్యాయమే అవుతుంది. ఎన్‌పీటెల్, స్వయం వేదికలలో డేటాబేస్ కోర్సులు ఉన్నాయి. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూలైట్ వంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగా లభిస్తున్నాయి. వాటి మార్గదర్శక గ్రంథాలూ ఉచితమే. కనుక యంత్రం కొరత, పుస్తకం కొరత అన్న మాటలు చెల్లవు. కొరత ఉదాహరణలది.

'ధర' అనే ఒక్క మాటను పరిశీలిస్తే ఇది తేటపడుతుంది. వరంగల్ ఎనుమాముల, ఖమ్మం మార్కెట్లలో మిర్చికి, పత్తికి జెండా పాట జరుగుతుంది. నాణ్యమైన సరుకును ఎంచి, పాట పాడి, ఆ రోజు గరిష్ఠ ధరను నిర్ణయిస్తారు. మర్నాడు పత్రికలో వచ్చేది సాధారణంగా ఆ ధరే. యార్డులోని మిగిలిన లాట్లు నాణ్యతను బట్టి అంతకంటే తక్కువకు, ఒక్కోసారి చాలా తక్కువకు అమ్ముడవుతాయి. ఆగ్‌మార్క్‌నెట్ పట్టికలో కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర అని మూడు నిలువు వరుసలు ఉంటాయి. మోడల్ ధర అంటే ఎక్కువ సరుకు అమ్ముడైన ధర. అది సగటు కాదు. ఇక రైతు జేబులో ఉన్న తక్‌పట్టీలో మరొక ధర ఉంటుంది. అది ఆ రైతుకు, ఆ లాటుకు, ఆ కాంటాకు మాత్రమే చెందినది. కోతల తరువాత చేతికి వచ్చిన మొత్తం మళ్లీ వేరు. నాలుగు పత్రాలూ దానిని ధర అనే పిలుస్తాయి.

డేటాబేస్ తరగతిలో మాత్రమే శిక్షణ పొందిన విద్యార్థి ఆ నాలుగింటినీ ఒకే నిలువు వరుసలో పేర్చి, సగటు తీసి, గ్రాఫు గీస్తాడు. కంప్యూటర్ అభ్యంతరం చెప్పదు. ఆ గ్రాఫును నమ్మి విస్తరణ అధికారి సందేశం పంపితే, జెండా పాట ధరను ఆశించి లారీ కిరాయి పెట్టుకున్న రైతు యార్డుకు వచ్చి, సరుకు వెనక్కి తీసుకుపోలేక, వచ్చిన ధరకు అమ్ముకుంటాడు. ఆ నష్టం ఏ పట్టికలోనూ నమోదు కాదు. కొలమానాలలోనూ ఇదే ప్రమాదం పొంచి ఉన్నది. అదే జాబితాలో సరుకు రాబడి టన్నులలో, ధర క్వింటాలుకు రూపాయలలో ఉంటుంది. రెండింటినీ నేరుగా గుణించినవాడికి మార్కెట్ లావాదేవీ విలువ పదో వంతుగా కనబడుతుంది. రాబడి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకోకుండా వేర్వేరు మార్కెట్ల మోడల్ ధరల సగటు తీయడం మరొక పొరపాటు. మలక్‌పేటకు వచ్చే లారీల బారుకూ, ఒక చిన్న యార్డుకు వచ్చే నాలుగు ట్రాలీలకూ సమాన విలువ కట్టినట్టవుతుంది.

కాలంతో పాటు మారే హద్దులు ఇంతకంటే కఠినమైన పాఠం నేర్పుతాయి. మలక్‌పేట ఉన్న హైదరాబాదు జిల్లానే తీసుకుంటే, 1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా ఏర్పడేవరకు చేవెళ్ల, ఇబ్రహీంపట్నం, మేడ్చల్ వంటి గ్రామీణ ప్రాంతాలు అందులో భాగం. ఆ తరువాత హైదరాబాదు జిల్లా దాదాపుగా నగరానికే పరిమితమైంది. 1970 నుండి 1985 వరకు హైదరాబాదు జిల్లా వరి విస్తీర్ణాన్ని వరుసగా పేర్చినవాడికి నడుమ ఒక మహా పతనం కనబడుతుంది. దానికి కరువు కారణం కాదు, చెరువులు ఎండిపోవడమూ కారణం కాదు. ప్రభుత్వ ఉత్తర్వు కారణం. తెలంగాణలో పది జిల్లాలు 2016 అక్టోబర్ 11న 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. వరంగల్ కథ వీటన్నింటికంటే తికమకగా ఉంటుంది. 2016కు ముందు వరంగల్ ఒక పెద్ద జిల్లా. ఆ తరువాత వరంగల్ పట్టణ, వరంగల్ గ్రామీణ జిల్లాలు వచ్చాయి. 2021లో పట్టణ జిల్లా హనుమకొండగా, గ్రామీణ జిల్లా వరంగల్‌గా పేర్లు మార్చుకున్నాయి. కొన్ని మండలాలూ అటు ఇటు మారాయి. ఒకే పేరు, మూడు కాలాలు, మూడు భూభాగాలు. పేరు ఆధారంగా పట్టికలను కలిపితే ఫలితం ఎంత తప్పో చెప్పడానికి కూడా ఆధారం మిగలదు.

ఈ సమస్యకు ఒక సమాధానం హైదరాబాదు సమీపంలోనే, పటాన్‌చెరులో తయారైంది. ఇక్రిశాట్ నిర్వహిస్తున్న జిల్లాస్థాయి డేటాబేస్‌లో 1966 నాటి జిల్లా హద్దులను ఆధారంగా తీసుకొని, తరువాత ఏర్పడిన కొత్త జిల్లాల అంకెలను తిరిగి మాతృ జిల్లాలకు పంచిన శ్రేణి ఒకటి ఉన్నది. హద్దులను అలా సర్దకుండా ఉంచిన శ్రేణిని కూడా వేరుగా అందిస్తారు. ఏది ఎప్పుడు వాడాలో పరిశోధకుడు నిర్ణయించుకోవాలి. అదే సంస్థ 1975లో గ్రామస్థాయి అధ్యయనాలు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న ఆరు గ్రామాలలో ఔరేపల్లె, దోకూరు నాటి మహబూబ్‌నగర్ జిల్లావి. నేడు ఔరేపల్లె ఉన్న మాడుగుల మండలం రంగారెడ్డి జిల్లాలో ఉన్నది. ఊరు కదలలేదు, పొలాలు కదలలేదు, జిల్లా గడిలోని పేరు మాత్రం మారింది. అందుకే ఊరికి పేరుతో సంబంధం లేని ఒక స్థిరమైన సంకేత సంఖ్య ఉండాలని, జిల్లా అనేది ఆ ఊరికి తేదీతో కూడిన లక్షణమే తప్ప ఊరి గుర్తింపు కాదని విద్యార్థికి ఈ ఒక్క ఉదాహరణతో చెప్పవచ్చు. 'కీ' అంటే ఏమిటో పద్నాలుగురు ఉద్యోగుల పట్టిక చెప్పలేనిదానిని ఔరేపల్లె చెబుతుంది.

తెలుగు లిపి తెచ్చిపెట్టే చిక్కులు ఆంగ్ల పాఠ్యపుస్తకాలలో దొరకవు. మలక్‌పేట అన్న పదమే చక్కని పాఠం. ఆ పేరు గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా సేవకుడైన మాలిక్ యాకూబ్ నుండి వచ్చిందని చెప్పుకుంటారు. అంటే నోటిలోనే ఒకసారి రూపం మార్చుకున్న పేరు. యూనికోడ్‌లో దానిని సరిగా రాయాలంటే 'క్'కూ 'పే'కూ నడుమ కంటికి కనబడని ఒక అక్షరం చేర్చాలి. చేర్చకపోతే 'మలక్పేట' అని పకారం కకారానికి ఒత్తుగా దిగుతుంది. కొందరు ఆ కనబడని అక్షరానికి బదులు ఖాళీ వదిలి 'మలక్ పేట' అంటారు. మరికొందరు చివర పొల్లు పెట్టి 'మలక్‌పేట్' అంటారు. మనిషికి నాలుగూ ఒకటే. డేటాబేస్‌కు నాలుగు వేర్వేరు ఊళ్లు. కనబడని అక్షరం వల్ల వచ్చే తేడాను తెర మీద కళ్లు చించుకొని చూసినా అన్ని ఫాంట్లలోనూ పట్టుకోలేరు. యూనికోడ్‌కు ముందు అను వంటి ఫాంట్లలో కూర్చిన వ్యవసాయ సంచికలు, కరపత్రాలు ఇంకొక కథ. వాటి నుండి తీసుకున్న పాఠం మార్పిడి లేకుండా డేటాబేస్‌లోకి వెళితే అర్థంలేని గుర్తుల కుప్ప అవుతుంది. విశ్వవిద్యాలయాలు దశాబ్దాలుగా ప్రచురించిన తెలుగు వ్యవసాయ సాహిత్యంలో ఎంత భాగాన్ని వెతకగలిగే రూపంలోకి తేవచ్చునన్నది ఈ సాంకేతిక వివరం మీదనే ఆధారపడి ఉన్నది.

దగ్గరి పోలిక ఉన్న పదాలను కంప్యూటర్ తానే కలిపివేస్తుందని, ఇంత శ్రమ అనవసరమని కొందరి వాదన. ఆ వాదనను పరీక్షించడానికి కూరగాయల పట్టిక చాలు. తెలంగాణలో ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ అంటారు. మొదటిది ఉల్లి, రెండవది వెల్లుల్లి. రెండు పదాల మధ్య తేడా మొదటి అక్షరం మాత్రమే. అక్షరాల పోలికను లెక్కించే పద్ధతి ఈ రెండింటినీ ఒకే సరుకుగా, ఒకటి అచ్చుతప్పుగా భావించే అవకాశం చాలా ఎక్కువ. అదే పద్ధతి ఉల్లిగడ్డనూ నీరుల్లినీ వేర్వేరు సరుకులుగా వదిలేస్తుంది. రాయలసీమలో ఉల్లిని ఎర్రగడ్డ అంటారు. హైదరాబాదులో ఎర్రగడ్డ ఒక పేట పేరు, అక్కడ రైతుబజారు కూడా ఉన్నది. సరుకు గడిలో ఎర్రగడ్డ అని ఉంటే కర్నూలు రైతు రాశాడా, లేక ఎవరైనా మార్కెట్ పేరును పక్క గడిలో వేశారా? ఈ ప్రశ్నకు సమాధానం సాఫ్ట్‌వేర్‌లో లేదు. ఆ భాష తెలిసిన, ఆ పంట తెలిసిన, ఆ మార్కెట్‌లో అడుగుపెట్టిన మనిషి దగ్గర ఉన్నది. యంత్రం జతలను సూచించవచ్చు, ఆమోదించవలసింది మనిషే. ఆమోదించే అర్హత వ్యవసాయ పట్టభద్రుడికి ఉన్నంతగా కంప్యూటర్ పట్టభద్రుడికి ఉండదు. ఇది చిన్నబుచ్చడానికి అంటున్న మాట కాదు. శిక్షణల స్వభావమే అటువంటిది.

రైతు పేరు దగ్గరకు వచ్చేసరికి విషయం మరింత సున్నితమవుతుంది. పట్టాదారు పాసుపుస్తకంలో ఇంటిపేరు ముందు, తెలుగు లిపిలో ఉంటుంది. బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు ఆంగ్లంలో ఒక పొడి అక్షరంగా మారవచ్చు. ఆధార్‌లో చివరకు వెళ్లవచ్చు. పెళ్లయిన మహిళా రైతు విషయంలో ఒక పత్రంలో పుట్టింటి పేరు, మరొక పత్రంలో అత్తింటి పేరు ఉండవచ్చు. 2019లో మొదలైన పి.ఎం. కిసాన్ వంటి పథకాలలో ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతలుగా నేరుగా ఖాతాలోకి చేరాలంటే ఈ పత్రాలన్నీ ఒకే వ్యక్తివని తేలాలి. తేలకపోతే విడత ఆగుతుంది. ఆగినందుకు కారణం అడగడానికి రైతు వచ్చేది డేటాబేస్ నిర్వాహకుడి వద్దకు కాదు, వ్యవసాయ విస్తరణ అధికారి వద్దకు. పేర్లు ఎందుకు కలవలేదో వివరించగల జ్ఞానం ఆ అధికారికి లేకపోతే, రైతు మరొక కార్యాలయానికి, అక్కడి నుండి ఇంకొక కార్యాలయానికి తిరుగుతాడు.

వాస్తవ దత్తాంశంతో పాఠం రాయడం సాధ్యమేనా అన్న సందేహానికి బయటి ప్రపంచంలో ఒక మంచి సమాధానం ఉన్నది. డేటా కార్పెంట్రీ అనే స్వచ్ఛంద బోధనా బృందం సామాజిక శాస్త్రాల విద్యార్థుల కోసం రూపొందించిన పాఠాలలో టాంజానియా, మొజాంబిక్ దేశాలలో రైతులు స్వయంగా చేపట్టిన సాగునీటి పద్ధతులపై జరిగిన సర్వేను వాడుకున్నారు. ఓపెన్‌రిఫైన్ అనే ఉచిత సాధనంతో ఆ సర్వేలోని ఊళ్ల పేర్ల తప్పులను విద్యార్థులే గుర్తించి సరిచేస్తారు. ఇల్లు, గోడ, గది, పశువులు, నీటి వాడకం వంటి ప్రశ్నలే ఆ పట్టికలలో ఉంటాయి. అది చూసిన ఏ విస్తరణ శాస్త్రవేత్తకైనా తన సొంత సర్వే ఫారమే కళ్ల ముందు నిలుస్తుంది. ఆ పాఠాన్ని తెలుగులోకి అనువదించడంతో సరిపెట్టుకోవడం మాత్రం పొరపాటు. మొజాంబిక్ ఊళ్ల పేర్లలో తప్పు ఏదో, ఒప్పు ఏదో పాలమూరు విద్యార్థికి తెలియదు. అతను యంత్రం చెప్పినదానికే తలూపుతాడు. తప్పును తన జ్ఞానంతో పట్టుకోవడంలోనే ఆ పాఠం బలమంతా ఉన్నది. ఆ జ్ఞానం మలక్‌పేట పట్టికతోనే పనిచేస్తుంది.

డేటాబేస్ నిర్వహణ గురించి రెండు మాటలు. అనుసంధానం కంటే అది ఆకర్షణ తక్కువ గల విషయం. అందుకే తరగతిలో చివరికి నెట్టివేయబడుతుంది. ఎవరు చూడవచ్చు, ఎవరు మార్చవచ్చు, మార్చినది ఎవరో ఎప్పుడో నమోదవుతుందా, బ్యాకప్ ఎక్కడ ఉన్నది, ఆ బ్యాకప్ నుండి ఎవరైనా ఎప్పుడైనా తిరిగి తెరిచి చూశారా అన్నవే నిర్వహణలోని మూల ప్రశ్నలు. క్షేత్ర ప్రయోగాల అంకెలు ఒక శాస్త్రవేత్త సొంత ల్యాప్‌టాప్‌లో, 'చివరి', 'అసలు చివరి', 'చివరి 2' అన్న పేర్లతో ఎక్సెల్ ఫైళ్లుగా ఉండిపోవడం వ్యవసాయ పరిశోధనతో పరిచయం ఉన్నవారికి కొత్త దృశ్యం కాదు. బదిలీతోనో, పదవీ విరమణతోనో ఏళ్ల శ్రమ ఆ ల్యాప్‌టాప్‌తో పాటు వెళ్లిపోతుంది. దీనికి ఖరీదైన సర్వర్లు పరిష్కారం కావు. ప్రయోగం మొదలయ్యే రోజున ప్రతి నిలువు వరుసకు అర్థం, కొలమానం, కొలిచిన పద్ధతి రాసిపెట్టే దత్తాంశ నిఘంటువు ఒకటి, దానిని భద్రపరిచే బాధ్యత గల మనిషి ఒకరు ఉంటే చాలావరకు సరిపోతుంది. రైతుల ఫోన్ నంబర్లు, ఆధార్ సంఖ్యలు ఉన్న ఫైళ్లు వాట్సాప్ గ్రూపులలో తిరగడం కూడా నిర్వహణా లోపమే. 2023లో వ్యక్తిగత డిజిటల్ దత్తాంశ రక్షణ చట్టం వచ్చిన తరువాత దానిని అలవాటు అని సరిపెట్టుకునే వీలు లేదు.

ఉద్యోగాలు ఆంగ్లంలో ఉండగా తెలుగులో పాఠాలు ఎందుకన్న అభ్యంతరం సహజమైనది. ఆజ్ఞలు ఆంగ్లంలోనే ఉంటాయి. వాటిని తెలుగు చేయమని ఎవరూ కోరడం లేదు. వివరణ తెలుగులో ఉండాలనడానికి కారణం భాషాభిమానం ఒక్కటే కాదు. జెండా పాట, తక్‌పట్టీ, కాంటా, ఎల్లిగడ్డ అన్న మాటలను ఆంగ్లంలోకి మార్చిన క్షణంలోనే అవి 'ధర', 'రసీదు', 'తూకం', 'కూరగాయ' అన్న స్థూలమైన గడులుగా మారి, కాపాడవలసిన తేడాలు పోతాయి. దత్తాంశం చెడిపోయే చోటు చాలాసార్లు ఈ అనువాదమే.

ఇందుకు కొత్త విభాగాలు, కొత్త భవనాలు అక్కరలేదు. చివరి సంవత్సరం విద్యార్థులు గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో భాగంగా ఊళ్లలో ఎలాగూ ఉంటారు. అందులో ఒక వారాన్ని సమీపంలోని మార్కెట్ యార్డుకు కేటాయించవచ్చు. రాజేంద్రనగర్ విద్యార్థులకు మలక్‌పేట, వరంగల్ విద్యార్థులకు ఎనుమాముల, బాపట్ల విద్యార్థులకు గుంటూరు మిర్చి యార్డు. వారు అక్కడ అంకెలు సేకరించనవసరం లేదు. అంకెలు ఇప్పటికే ఉన్నాయి. ఆ అంకెను ఎవరు రాస్తారు, పాటకు ముందా తరువాతా, ఏ లాట్లను చూసి మోడల్ ధర నిర్ణయిస్తారు, 'ఇతరములు' అన్న రకం గడిలో ఏ రకాలు చేరుతున్నాయి, సెలవు రోజున గడి ఖాళీగా ఉంటుందా లేక సున్నా పడుతుందా అని అడిగి రాసుకోవాలి. సున్నాకూ ఖాళీకీ తేడా తెలియని పట్టిక నుండి తీసిన సగటు ఎంత ప్రమాదకరమో ఒక్క దసరా వారపు దత్తాంశంతో చూపవచ్చు.

ఆ వారం చివర విద్యార్థి సమర్పించవలసింది గ్రాఫు కాదు. ఒక యార్డుకు సంబంధించిన దత్తాంశ నిఘంటువు, ఆ యార్డుకు వాడుకలో ఉన్న పేర్లన్నింటి పట్టిక, సరుకుల పేర్లకు ప్రాంతాలవారీ పర్యాయపదాల పట్టిక. మూడింటినీ ఎస్‌క్యూలైట్ వంటి చిన్న ఫైలులో ఉంచితే తరువాతి ఏడాది విద్యార్థులు అక్కడి నుండే మొదలుపెడతారు, తప్పులు దిద్దుతారు, దిద్దినవారి పేరు, తేదీ నమోదవుతాయి. కొన్నేళ్లలో రెండు రాష్ట్రాల ప్రధాన యార్డులకు నిఘంటువులు తయారవుతాయి. వాటిని నిలబెట్టడానికి విశ్వవిద్యాలయ గణాంక విభాగంలో ఒకరికి ఆ పనిని అధికారికంగా అప్పగించి, దానిని పరిశోధనా కృషిగా పదోన్నతి లెక్కలలో గుర్తించాలి. ప్రచురణ పత్రాలకు మాత్రమే మార్కులున్న చోట నిఘంటువును ఎవరూ రాయరు. పాలకమండళ్లు ముందుగా తేల్చవలసిన విషయం అదే.